బావ కొన్న పాత పేపరు

ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఫోన్ మోగింది. న్యూజెర్సీ నుంచి మా బావ. అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. వీడియో కాల్ ఎత్తితే మనిషి కనిపించలేదు, ఓ ఫోటో ఫ్రేము కనిపించింది. అద్దం వెనక గోధుమరంగుకి తిరిగిన కాగితం. కాలమ్స్ చుట్టూ మందపాటి నల్ల గీతలు.

"ఏంటో చెప్పుకో చూద్దాం" అన్నాడు.

"ఎవరిదైనా శ్రద్ధాంజలి ప్రకటనా బావా?"

"కరెక్టుగా పట్టావ్. జార్జ్ వాషింగ్టన్‌ది! 1800 జనవరి 4 నాటి పేపరు. పాత సామాన్ల సంతలో రెండొందల డాలర్లకి కొన్నా. అమ్మినోడికి దీని విలువ తెలీదు."

వెనక నుంచి అక్క గొంతు వినపడింది. "మనింట్లో పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేవాళ్ళం. ఈయన డాలర్లు పోసి కొనుక్కొచ్చాడు."

అక్క కోపానికి కారణం ఉంది. అప్పటికి బావ ఉద్యోగం పోయి పన్నెండు రోజులు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు ఉంటుంది. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా ఇంకో దారి చూసుకోవాలి. అవేవీ కుదరకపోతే సామాను సర్దుకోవాల్సిందే. అలాంటి టైంలో రెండొందల డాలర్లంటే మాటలు కాదు.

"నువ్వు కంప్యూటర్లు చదివావు కదరా, ఇది అసలుదో కాదో తేల్చిపెట్టు. పది వేలు పలికితే మూడు నెలల అద్దె గడుస్తుంది" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు గానీ, గొంతులో నవ్వు లేదు.

నేనేమో గచ్చిబౌలిలో కోడ్ రాసుకునే మనిషిని. చరిత్ర పుస్తకం పదో తరగతి పరీక్షతోనే మూసేశా. అయినా సరే అని లాప్‌టాప్ తెరిచా.

అరగంటలో తేలిపోయింది

ఫ్రేములో ఉన్న పత్రిక పేరు 'అల్స్టర్ కౌంటీ గెజిట్'. న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో అచ్చయ్యేది. వాషింగ్టన్ 1799 డిసెంబర్ 14న చనిపోయాడు. ఆ వార్తలతో సంతాపంగా నల్ల బోర్డర్లు వేసి తెచ్చిన సంచిక ఇది. ఇంతవరకూ అంతా నిజమే.

తర్వాత అమెరికా వాళ్ళ జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటుకి వెళ్ళా. ఈ ఒక్క సంచిక గురించే అక్కడ ప్రత్యేకంగా రాసిపెట్టారు. ఎందుకో తెలుసా? ప్రపంచంలో ఎక్కువగా నకళ్ళు వేసిన పాత పేపర్లలో ఇదొకటి. 19వ శతాబ్దంలో జ్ఞాపికలుగా దీన్ని మళ్ళీ మళ్ళీ అచ్చేసి అమ్మారు. అలాంటి నకళ్ళు పదుల రకాలున్నాయి. అటకల మీద దొరికినవాళ్ళంతా మా బావలాగే నిధి దొరికిందనుకున్నారు. ఆ లైబ్రరీకే అసలు ప్రతి 1930 దాకా దొరకలేదు!

అసలుదాన్ని గుర్తుపట్టడానికి వాళ్ళు ఆనవాళ్ళు కూడా ఇచ్చారు. మొదటి పేజీ మొదటి కాలమ్‌లో చివరి లైను ఏ మాటలతో ముగియాలో చెప్పారు. బావని ఫోన్ దగ్గరగా పెట్టమన్నా. ఆ లైను కలవలేదు.

"ఒకసారి అద్దం తీసి లైటుకెదురుగా పట్టు బావా. కాగితంలో సన్నటి గీతలు కనపడాలి."

లేవు.

"చూడరా, కాగితం ఎంత ముదురు రంగుకి తిరిగిందో. అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఇంత పాతది కాకపోతే ఎలా రాలుతుంది?"

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నాకూ అప్పుడే తెలిసింది. 1800 నాటి కాగితం పాత నూలు, నార గుడ్డల్ని నానబెట్టి, చితక్కొట్టి చేతితో చేసేవాళ్ళు. ఆ గుడ్డ కాగితం గట్టిది. రెండొందల ఏళ్ళయినా వంగుతుంది, విరగదు. రంగు కూడా పెద్దగా మారదు. చెక్క గుజ్జుతో చౌక కాగితం 1870ల తర్వాత బాగా వాడుకలోకొచ్చింది. అందులోని ఆమ్లం కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. అందుకే 1920 నాటి పేపరు అప్పడంలా విరుగుతుంటే, 1720 నాటి పేపరు హాయిగా పేజీ తిప్పనిస్తుంది. బావ పేపరు అంతగా రాలిపోతోందంటే దానర్థం అది పాతదని కాదు, అంత పాతది కాదని.

ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత బావ అన్నమాట ఇది: "సరే. మరి నిజంగా పాతది ఎలా ఉంటుందో చూపించు."

అలా మొదలైంది. ఆయనకి రాత్రి, నాకు పొద్దున. పగలంతా ఇంటర్వ్యూలు ఇచ్చి అలిసిపోయిన మనిషికి నిద్ర పట్టేది కాదు. నాకు ఆఫీసు క్యాబ్ వచ్చేదాకా గంట టైముండేది. ఆ గంటలో ఇద్దరం స్క్రీన్ షేర్ చేసుకుని అమెరికా పాత పేపర్లలో తిరిగేవాళ్ళం.

ఒక్క సంచికతో మూతపడిన పత్రిక

ఇప్పటి అమెరికా భూభాగంలో అచ్చయిన మొట్టమొదటి వార్తాపత్రిక 'పబ్లిక్ అకరెన్సెస్'. బోస్టన్‌లో 1690 సెప్టెంబర్ 25న వచ్చింది. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు, బ్రిటన్ వలస అది. పత్రిక పెట్టినాయన బెంజమిన్ హారిస్. లండన్‌లో అచ్చు పనులతోనే ప్రభుత్వంతో గొడవపడి జైలుకెళ్ళొచ్చిన మనిషి. నెలకోసారి తెస్తాననీ, వార్తలు ఎక్కువైతే ఇంకా ముందే తెస్తాననీ చెప్పుకున్నాడు.

మొత్తం నాలుగు పేజీలు. మూడింట్లోనే వార్తలు. నాలుగో పేజీ ఖాళీ! చదివినవాళ్ళు తమకు తెలిసిన కబుర్లు అందులో రాసి ఇంకొకరికి పంపుకోవడానికి. బావకి ఇది భలే నచ్చింది. "అంటే వాట్సాప్ ఫార్వర్డ్ 1690లోనే కనిపెట్టారన్నమాట" అన్నాడు.

వార్తలూ వాడిగానే ఉన్నాయి. బోస్టన్‌లో మశూచి సంగతి, బ్రిటిష్ వాళ్ళకి తోడొచ్చిన మోహాక్ తెగవాళ్ళు ఫ్రెంచి ఖైదీల్ని హింసించిన సంగతి, ఫ్రాన్స్ రాజుకీ ఆయన కోడలికీ ముడిపెట్టిన పుకారు కూడా. గవర్నరూ కౌన్సిలూ మండిపడ్డారు. లైసెన్సు లేకుండా అచ్చేశావంటూ నాలుగు రోజుల్లో పత్రికని ఆపించేశారు. రెండో సంచిక రానేలేదు.

ప్రపంచంలో దానికి మిగిలిన ప్రతి ఒక్కటే. అది అమెరికాలో లేదు, లండన్‌లో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వ రికార్డుల్లో పడి ఉన్నదాన్ని 1845లో ఓ పరిశోధకుడు గుర్తించాడు. జనం చేతుల్లోని కాపీలన్నీ పోయాయి. నిషేధించిన సర్కారు ఫైల్లో ఉన్నది మాత్రం బతికింది!

ఆ తర్వాత పద్నాలుగేళ్ళపాటు మరో పత్రిక లేదు. 1704 ఏప్రిల్ 24న బోస్టన్ పోస్ట్‌మాస్టర్ జాన్ క్యాంప్‌బెల్ 'బోస్టన్ న్యూస్ లెటర్' మొదలుపెట్టాడు. ప్రభుత్వ అనుమతితో వస్తున్నట్టు పేరు కిందే వేసుకున్నాడు. ఒకే ఒక్క కాగితం, రెండు వైపులా అచ్చు. లండన్ వార్తలు ఓడలో వచ్చేసరికి నెలలు పట్టేది. అయినా పదిహేనేళ్ళు నడిపాక కూడా మూడొందల కాపీలైనా పోవట్లేదని వాపోయాడు పాపం. ఆ పత్రిక మాత్రం చేతులు మారుతూ 1776 దాకా బతికింది.

మాకు అందరికంటే నవ్వు తెప్పించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. పదహారేళ్ళ కుర్రాడప్పుడు. అన్న జేమ్స్ పెట్టిన 'న్యూ ఇంగ్లండ్ కూరంట్' ప్రెస్సులో పనివాడు. తన రాతలు అన్న వెయ్యడని తెలిసి, సైలెన్స్ డూగుడ్ అనే నడివయసు వితంతువు పేరుతో ఉత్తరాలు రాసి రాత్రిపూట ప్రెస్సు తలుపు కింద తోసేవాడు. 1722లో అలా పద్నాలుగు ఉత్తరాలు అచ్చయ్యాయి. ఊరంతా ఆవిడెవరా అని చెప్పుకున్నారు. అమెరికా నోటు మీద కనిపించే పెద్దమనిషి కెరీర్ మొదలైంది ఫేక్ ప్రొఫైల్‌తో!

వెతకడంలో మూడు తిప్పలు

ఇవన్నీ చూడాలంటే అమెరికా వెళ్ళక్కర్లేదు, మీ ఫోన్ చాలు. కాకపోతే తిన్నగా వెతికితే దొరకవు. నేను పడిన తిప్పలు చెబుతా, మీకు టైం కలిసొస్తుంది.

మొదటిది అక్షరం. 18వ శతాబ్దపు ఇంగ్లీషు అచ్చులో పదం మొదట్లో, మధ్యలో వచ్చే 'ఎస్' అక్షరాన్ని పొడుగ్గా వేసేవాళ్ళు. చూడ్డానికి అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. మన కంటికి రెండు పేజీలు చదివితే అలవాటైపోతుంది. స్కాన్‌లోంచి అక్షరాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం బోల్తా పడుతుంది. ఓడల వార్తల కోసం 'సెయిల్' అని కొడితే సగం రావు. 'ఫెయిల్' అని కొడితే తెరచాపలెత్తుకుని ఓడలన్నీ వచ్చేస్తాయి. అందుకే ఏ మాటైనా రెండు స్పెల్లింగులతో వెతకాలి.

రెండోది తేదీ. బ్రిటిష్ వలసల్లో 1752 దాకా కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. 1722 ఫిబ్రవరి పేపరు మీద 1721 అని ఉండొచ్చు. మన లెక్కల్లో ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది.

మూడోది పేరు. అప్పట్లో 'గెజిట్' అన్న పేరు మన 'శ్రీ వెంకటేశ్వర టిఫిన్స్' లాంటిది, ప్రతి ఊళ్ళోనూ ఉండేది. 1775లో విలియమ్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో 'వర్జీనియా గెజిట్' పేరుతోనే మూడు వేరువేరు పత్రికలు వచ్చేవి. కాబట్టి పేరుతోపాటు ఊరు, అచ్చేసినవాడి పేరు చూసుకోవాలి.

ఇక ఎక్కడ చూడాలంటే, ముందుగా 'క్రానిక్లింగ్ అమెరికా'. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడుపుతోంది. రెండు కోట్లకు పైగా పేజీలు, అన్నీ ఉచితం, లాగిన్ కూడా అడగదు. రాష్ట్రం, సంవత్సరం ఎంచుకుని వెతకొచ్చు, పేజీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కోడింగ్ వచ్చినవాళ్ళకి ఏపీఐ కూడా ఉంది. ఇందులో 1800ల తర్వాతి పేపర్లే ఎక్కువ. 1690 నుంచి ఇప్పటిదాకా ఏ పత్రిక ఎప్పుడు వచ్చింది, ఏ లైబ్రరీలో ఉంది అని చెప్పే డైరెక్టరీ కూడా అక్కడే ఉంది.

'వర్జీనియా గెజిట్' 1736 నుంచి 1780 దాకా సంచికల స్కాన్లని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ సంస్థ ఉచితంగా పెట్టింది. ఫ్రాంక్లిన్ దొంగ ఉత్తరాలు 'ఫౌండర్స్ ఆన్‌లైన్'లో శుభ్రంగా టైపు చేసి ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద భాండాగారం మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఉన్న అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ. ఐజయా థామస్ అనే ప్రింటరు 1812లో పెట్టాడు. అక్కడ ఇరవై లక్షలకు పైగా పత్రికల సంచికలున్నాయట. పాత పేపర్ల పెద్ద డిజిటల్ సెట్లు కొన్ని చందా కట్టిన లైబ్రరీల ద్వారానే తెరుచుకుంటాయి. మీరు అక్కడ చదువుకుంటుంటే మీ యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్ ఓసారి ప్రయత్నించండి.

నాకు బాగా నచ్చింది మాత్రం ఓ షాపు యజమాని. పేరు హార్బాటిల్ డోర్, బోస్టన్‌లో ఇనప సామాన్ల వ్యాపారి. 1765 నుంచి 1776 దాకా తను కొన్న పేపర్లన్నీ పారెయ్యకుండా దాచాడు. అంచుల్లో తన వ్యాఖ్యలు రాశాడు, మారుపేర్లతో రాసినవాళ్ళ అసలు పేర్లు పక్కన గుర్తుపెట్టాడు, పేజీలకి నంబర్లేసి చేత్తో ఇండెక్స్ తయారుచేశాడు. మూడు వేలకి పైగా పేజీలు! మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ సైట్లో అవన్నీ ఇప్పుడు చూడొచ్చు. నేను జీతం తీసుకుని చేసే సెర్చ్ పనిని, ఆయన మేకులు అమ్ముకుంటూ రాత్రిళ్ళు దీపం పెట్టుకుని చేశాడేమో అనిపించింది.

అది చూసినరోజు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన ట్రంకు పెట్టెలో ఏళ్ళ తరబడి దాచిన తెలుగు వారపత్రికలు ఉండేవి. ఇల్లు మారేటప్పుడు తూకానికి అమ్మేశాం. నేనే మోసుకెళ్ళి బండిలో వేశాను.

మనవాడొకడు

ముప్పై ఐదో రోజు రాత్రి. ఆరోజు బావకి ఒక ఇంటర్వ్యూ ఆఖరి రౌండులో పోయింది. మాట్లాడే ఓపిక లేదన్నాడు. అయినా కాల్ పెట్టెయ్యలేదు. ఏదో ఒకటి చూపించాలని, "మనవాళ్ళెవరైనా ఉన్నారేమో వెతుకుదామా" అన్నా.

'ఇండియన్' అని కొడితే లాభం లేదు. అక్కడి ఆదివాసుల్నే అలా పిలిచేవాళ్ళు కాబట్టి వేలల్లో వస్తాయి. 'ఈస్ట్ ఇండియా ఇండియన్' అనో, 'ఏషియాటిక్' అనో కొట్టాలి. ఆ కాలపు పేపర్లలో పారిపోయిన బానిసల కోసం, పనివాళ్ళ కోసం యజమానులు వేసిన ప్రకటనలు కోకొల్లలు. మన పేపర్లలో 'తప్పిపోయాడు' ప్రకటనల్లా ఉంటాయి గానీ, అవి ఇంటికి రమ్మని పిలిచేవి కావు. పట్టిచ్చినవాళ్ళకి బహుమానం ఇస్తామనేవి. వర్జీనియా ప్రకటనల్ని అక్కడి యూనివర్సిటీ వాళ్ళు 'జాగ్రఫీ ఆఫ్ స్లేవరీ' పేరుతో టైపు చేయించి పెట్టారు. మనుషులు టైపు చేసింది కాబట్టి 'ఎఫ్' గొడవ లేదు.

దొరికాడు. 1776 జులై, 'వర్జీనియా గెజిట్'.

పారిపోయిన సేవకుడు, పేరు జాన్ న్యూటన్. వయసు ఇరవై ఏళ్ళ లోపో పైనో. సన్నటి మనిషి, పొడుగాటి నల్లజుట్టు. పుట్టుకతో ఏషియా ఇండియన్ అని స్పష్టంగా ఉంది. వర్జీనియాకి వచ్చి పన్నెండు నెలలైంది. అంతకుముందు పదేళ్ళు ఇంగ్లండులో ఓ పెద్దమనిషి దగ్గర పనిచేశాడని తనే చెప్పుకున్నాడట. క్షవరం, జుట్టు ముడెయ్యడం బాగా వచ్చు.

నేను ఇంకా చదువుతూనే ఉన్నా. బావ అడ్డొచ్చాడు.

"ఇరవైలో ఒకటి తీసెయ్. పది తీసెయ్."

తొమ్మిది.

దాదాపు తొమ్మిదేళ్ళ వయసులో ఆ పిల్లాణ్ణి ఓడ ఎక్కించి ఉంటారు. ఏ రేవులోనో రాయలేదు. మచిలీపట్నమో, మద్రాసో, కలకత్తానో. ఇంట్లో పెట్టిన పేరేంటో, ఏ భాష మాట్లాడేవాడో కూడా ఆ ప్రకటనలో లేదు. అతనికి జాన్ న్యూటన్ అనే పేరు ఎవరు పెట్టారో లేదు. అందరు మనుషులూ సమానంగా పుట్టారని ఫిలడెల్ఫియాలో ప్రకటించిన నెల అది. అదే నెలలో అతని కోసం ఈ ప్రకటన వచ్చింది.

"దొరికాడా?" అడిగాడు బావ.

"ప్రకటనలో అది ఉండదు కదా బావా."

చాలాసేపటికి అన్నాడు: "నాకు అరవై రోజులని ఏడుస్తున్నా. నాకు రిటర్న్ టికెట్ ఉంది, మీరున్నారు. రెండూ ఒకటి కాదులే." నిజమే, ఒకటి కాదు. ఆ మాట ఆయనే అన్నాడు కాబట్టి నేనేం అనలేదు. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టిందని అక్క తర్వాత చెప్పింది.

యాభై ఒకటో రోజున బావకి టెక్సాస్‌లో ఆఫర్ వచ్చింది. జీతం కాస్త తక్కువ. పేపర్లు ఫైలయ్యాయి, సామాను సర్దుకున్నారు. రెండొందల డాలర్ల ఫ్రేము పారెయ్యమంది అక్క. బావ వినలేదు. వెనకవైపు అట్ట మీద మార్కరుతో 'నకలు' అని పెద్దక్షరాలతో రాసి, కొన్న తేదీ వేశాడు. "రేపు మా పిల్లలు దీన్ని చూసి మోసపోకూడదు" అన్నాడు.

మొన్న వీడియో కాల్‌లో కొత్తిల్లు చూపించారు. హాల్లో వాషింగ్టన్ నకలు ఉంది. దాని పక్కనే ఇంకో చిన్న ఫ్రేము. 'వర్జీనియా గెజిట్' పేజీ ప్రింటవుట్. అరచేతిలో సగం కూడా లేని ఆ ప్రకటన చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీత.

నేనూ ఈ మధ్య ఓ పని మొదలుపెట్టా. తాతయ్య చదివిన పత్రికలు ఇంకెక్కడైనా ఉన్నాయేమోనని ఆదివారాలు పాత పుస్తకాల షాపులకి, ఊళ్ళ గ్రంథాలయాలకి వెళ్తున్నా. దొరికిన ప్రతి సంచికనీ అక్కడే ఫోన్‌తో స్కాన్ చేసి, తేదీలవారీగా పెడుతున్నా. మీ అటక మీద పాత పేపర్ల కట్ట ఉందా? తూకానికి వేసేముందు ఒక్కసారి ఫోటో అయినా తీసి పెట్టండి.